పికప్ ఇంజిన్ ముందు ఆయిల్ సీల్ కారుతుంటే ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

బండి నిలిపిన చోట నల్లటి మరక కనబడగానే "సీల్ పోయింది, మార్చేద్దాం" అనుకోవడం మామూలే. ఇంజిన్ ముందు నుంచి బయటికి వచ్చే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా పట్టి ఉంచే రబ్బరు రింగే ఈ సీల్. మార్చడం మరీ కష్టమైన పనేం కాదు, సీల్ ఖరీదూ తక్కువే. కానీ కొత్త సీల్ వేసిన నెల రోజులకే మళ్లీ కారుతోందంటే కారణం ఎక్కువగా రెండింట్లో ఒకటై ఉంటుంది. కారేది అసలు సీల్ దగ్గర కాదు, లేదా సీల్‌ను పాడుచేసిన కారణాన్ని అలాగే వదిలేసి కొత్తది తొడిగారు. అందుకే పానా పట్టుకునే ముందు చేయాల్సిన పనికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఉదాహరణకు మన ఊళ్లలో కూరగాయలకీ, పాలకీ, సిమెంటుకీ తిరిగే బొలెరో పికప్ లాంటి డీజిల్ బండిని తీసుకుందాం. ఇంజిన్ ముందు నుంచి వెనక్కి పొడవుగా ఉంటుంది, క్రాంక్ పుల్లీ (ఫ్యాన్ బెల్టును తిప్పే చక్రం) రేడియేటర్ వైపు చూస్తుంటుంది. టాటా యోధ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ అయినా పని తీరు ఇదే. బోల్టుల సైజులు, బిగింపు లెక్కలు మాత్రం ఇంజిన్‌ను బట్టి మారతాయి. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. మీ ఇంజిన్‌లో టైమింగ్‌కి, అంటే వాల్వులు వేళకి తెరిచి మూయడానికి, రబ్బరు బెల్టు ఉండి, సీల్ దాని వెనక ఉంటే ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. ఆ బెల్టు ఒక్క పన్ను తప్పినా వాల్వులు, పిస్టన్లు గుద్దుకునే ప్రమాదం ఉంది.

ముందు ఎక్కడ కారుతోందో తేల్చండి

ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి చుక్క రాలే చోటు వేరు, కారే చోటు వేరు. తడిగా ఉన్న భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదేదో చూడండి. అనుమానం మొదట దాని మీదే పడాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక డైనమోకి, వైరింగు కనెక్టర్లకి పాలిథిన్ కవరు చుట్టండి. డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో ఇంజిన్ ముందు భాగం, రెండు పక్కలు, కింద చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచులు బాగా రుద్దండి. సబ్బునీళ్లతో కడిగి వేస్టు గుడ్డతో ఆరేదాకా తుడవండి. పెట్రోలు వాడొద్దు, నిప్పు అంటుకుంటుంది. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెట్టి కొట్టడం కూడా వద్దు, ఆ ఒత్తిడికి నీళ్లు డైనమోలోకి, సెన్సర్లలోకి దూరతాయి.

ఆరాక చుట్టిన కవర్లు తీసేసి, అనుమానం ఉన్న చోట్ల మామూలు టాల్కం పౌడరు పలుచగా చల్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కేదాకా నడవనివ్వండి, వీలైతే కాస్త దూరం తిప్పుకు రండి. ఇంజిన్ ఆపి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనబడుతుంది. గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు.

సీల్ మీద అన్యాయంగా నేరం పడేది చాలాసార్లు ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ వల్ల. ప్యాకింగ్ గట్టిపడి ముందు మూల నుంచి కారితే, ఆ ఆయిల్ టైమింగ్ కవర్ మీదుగా దిగి పుల్లీ కింద చుక్క కడుతుంది. చూస్తే అచ్చం సీల్ పోయినట్టే ఉంటుంది. ప్యాకింగ్ మార్చడం గంటలో అయ్యే పని. తర్వాత ఆయిల్ ఫిల్టర్ కుదురు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ చూడండి. చాలా డీజిల్ బండ్లలో డైనమో వెనక బ్రేకు కోసం వాక్యూమ్ పంపు ఉంటుంది. దానికి ఇంజిన్ ఆయిల్ తెచ్చే సన్న పైపు, తిరిగి చాంబర్‌లోకి పోయే గొట్టం చిట్లి కారుతుంటాయి. టర్బో ఉంటే దాని ఆయిల్ పైపు యూనియన్లు కూడా వేలితో తడిమి చూడండి.

ఇవన్నీ పొడిగా ఉండి, పుల్లీ వెనక చుట్టూ చిమ్మినట్టు ఆయిల్ పడి, బెల్టు లోపలి వైపు తడిసి, సీల్ కింద నుంచి గీత దిగితే అప్పుడది ముందు క్రాంక్ సీలే.

ఆయిల్ ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, బెల్ హౌసింగ్ కింద నుంచి రాలుతుంటే కథ వేరు. వేలికి అద్దుకుని వాసన చూడండి. గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. నల్లగా, మామూలు డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఉంటే వెనక క్రాంక్ సీల్. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, క్లచ్ విప్పాలి. ఇంటి ముందు ఒక్క జాకీ మీద ఆ బరువు దింపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, షెడ్డుకి ఇవ్వండి. ఆలస్యం మాత్రం చేయకండి. ఆయిల్ క్లచ్ ప్లేటుకి పట్టిందంటే లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది, సీల్‌తో పాటు ప్లేటూ మార్చాల్సి వస్తుంది.

బ్రీథర్ చూడకుండా సీల్ కొనొద్దు

చాలామంది వదిలేసే పని ఇదే. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాసు ఎప్పుడూ చాంబర్‌లోకి దిగుతుంటుంది. అది బయటికి పోయేందుకే బ్రీథర్ గొట్టం. ఆ గొట్టం మడ్డితో పూడుకున్నా, మెత్తబడి లోపలికి కుంగినా, గ్యాసు ఎక్కడికీ పోలేక చాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఆయిల్ తనకి దొరికిన బలహీనమైన సందులోంచి తోసుకుని వస్తుంది. ఎంత మంచి సీల్ వేసినా ఆ ఒత్తిడి ముందు నిలవదు.

బ్రీథర్ గొట్టం రెండు చివర్లా విప్పి నోటితో ఊదండి, గాలి అడ్డం లేకుండా పోవాలి. లోపల మడ్డి ఉంటే డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. రబ్బరు ఉబ్బి మెత్తబడితే కొత్తది వేయండి, అది పెద్ద ఖర్చు కాదు. ట్యాపెట్ కవర్‌లో గానీ పక్కన గానీ ఆయిల్ వేరుచేసే జాలీ ఉంటే దాన్నీ కడగండి.

గొట్టం తిరిగి పెట్టాక ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి నెమ్మదిగా ఎత్తండి, మొహం దూరంగా పెట్టుకోండి. సన్నగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ, పొగ గుప్పుగుప్పున తంతూ ఉంటే రింగులు గానీ లైనర్లు గానీ అరిగాయన్నమాట. ఆ బండికి సీల్ మార్చినా కొన్నాళ్ల ముచ్చటే. ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించుకుని, ఇంజిన్ పని చేయించుకోవాలో లేదో నిర్ణయించుకోండి.

ఆయిల్ గేజి కూడా ఒకసారి తీసి చూడండి. "కాస్త ఎక్కువుంటే మంచిదే" అని పై గీత దాటించి పోసే అలవాటు చాలామందికి ఉంది. ఎక్కువైతే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, సీల్ మీదికి చిమ్ముతుంది. మట్టం రెండు గీతల మధ్య, పై గీతకి దగ్గరగా ఉండాలి. దాటకూడదు.

సీల్‌ను మెత్తబరిచి లీకు ఆపుతాయని సీసాల్లో మందులు అమ్ముతారు. గట్టిపడిన రబ్బరును అవి కొన్నాళ్లు ఉబ్బిస్తాయి, నిజమే. చిరిగిన సీల్ పెదవిని (లోపల తిరిగే భాగానికి ఆనే రబ్బరు అంచును) గానీ అరిగిన పుల్లీని గానీ బాగుచేయలేవు. పైగా బాగున్న మిగతా సీళ్లనూ ఉబ్బిస్తాయి. నేను వాడమని చెప్పను.

కొనాల్సినవి, సిద్ధం చేసుకోవాల్సినవి

సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. మీ బండి ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ పార్టు తీసుకోవడం ఉత్తమం. బయట తీసుకుంటే ఆ మూడు అంకెలూ కలవడమే కాదు, రబ్బరు రకం కూడా అడగండి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడికే క్రమంగా గట్టిపడుతుంది. విటాన్ రకం దాదాపు 200 డిగ్రీలు తట్టుకుంటుంది. ఎండాకాలం లోడుతో తిరిగే డీజిల్ బండికి ఆ తేడా సొమ్ము పెట్టి కొనాల్సినదే. సీల్ మీద బాణం గుర్తు ఉంటే అది క్రాంక్ తిరిగే దిశ. లోపల ఏటవాలు గీతలు ఆయిల్‌ను వెనక్కి నెట్టేది ఆ దిశలోనే, తేడా వస్తే బయటికి నెడతాయి.

మూడు కాళ్ల పుల్లర్ గానీ, పుల్లీలో మర రంధ్రాలుంటే వాటికి బోల్టులతో పట్టే పుల్లర్ గానీ అద్దెకు తెచ్చుకోండి. క్రాంక్ నట్టుకి సరిపోయే బాక్సు, పొడవాటి హ్యాండిల్, టార్క్ పానా, సన్న డ్రిల్లు, రెండు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు, కటింగ్ ప్లేయరు, చక్క సుత్తి, సీల్ బయటి అంచుకి సరిపోయే పీవీసీ పైపు ముక్క లేదా పాత బేరింగు బయటి రింగు, సన్న ఎమరీ కాగితం, గ్రీజు ఉంచుకోండి. సీల్‌తో పాటు ఫ్యాన్ బెల్టు కూడా తెచ్చుకోవడం మంచిది. ఆయిల్ తాగిన బెల్టును ఎంత తుడిచినా జారుతూనే ఉంటుంది.

విప్పడం

బండిలో లోడు దించేయండి. గట్టి, సమతల నేల మీద నిలిపి వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. బొలెరో లాంటి ఎత్తు బండికి చాలావరకు జాకీ అక్కర్లేకుండానే పైనుంచీ ముందునుంచీ పని అయిపోతుంది. లేపాల్సి వస్తే స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయండి.

ఆయిల్ మొత్తం దించనక్కర్లేదు. క్రాంక్ నడిమి భాగం చాంబర్‌లో ఆయిల్ మట్టం కన్నా పైనే ఉంటుంది, సీల్ తీస్తే కొద్దిగా జారుతుందంతే. కింద ట్రే పెడితే చాలు.

బెల్టు తిరిగే దారి ఫోన్లో ఫొటో తీసుకోండి. డైనమో బోల్టు వదులు చేసి బెల్టు తీయండి. ఫ్యాన్, దాని చుట్టూ ఉన్న కవరు తీస్తే చేయి పట్టేంత చోటు వస్తుంది. విస్కస్ ఫ్యాన్లు కొన్నిటికి ఉల్టా థ్రెడ్ ఉంటుంది. గట్టిగా ఉందని బలం వాడే ముందు మీ ఇంజిన్‌ది ఏదో చూసుకోండి. చోటు చాలకపోతే కూలెంటు శుభ్రమైన బకెట్‌లోకి దించి రేడియేటర్ కూడా తీసేయండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా పుల్లర్ తిప్పేటప్పుడు రేడియేటర్ ఫిన్నులు మిగులుతాయి. దించిన కూలెంటు కుక్కలకి, పశువులకి అందే చోట పెట్టొద్దు. తియ్యగా ఉంటుందని తాగుతాయి, అది విషం.

క్రాంక్ నట్టు వదులు చేయడం ఈ పని మొత్తంలో బలం అవసరమయ్యే ఘట్టం. బండిని పై గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించండి. హ్యాండిల్‌కి పైపు తొడిగి, కుదుపులు లేకుండా నిదానంగా ఒత్తిడి పెంచండి. హ్యాండిల్‌ను ఛాసిస్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టి వదులు చేసే పద్ధతి కొన్ని షెడ్లలో కనబడుతుంది. దయచేసి ఇంట్లో అది చేయకండి. హ్యాండిల్ జారితే చెయ్యి విరుగుతుంది.

నట్టు వచ్చాక పుల్లర్‌తో పుల్లీ లాగండి. పుల్లీ రెండు రింగుల మధ్య రబ్బరు ఉన్న రకమైతే బయటి అంచు పట్టి లాగొద్దు, రబ్బరు ఊడిపోతుంది. లోపలి హబ్బునే పట్టాలి. పుల్లీ వచ్చేటప్పుడు క్రాంక్ గాడిలోని చిన్న కీ కింద పడిపోవచ్చు, చూసుకుని తీసి డబ్బాలో వేయండి.

పాత సీల్ తీయడం

తీసే ముందు ఒక కొలత తీసుకోండి. సీల్ ముఖం కవర్ అంచుకి సమానంగా ఉందా, లోపలికి ఉందా, ఉంటే ఎన్ని మిల్లీమీటర్లు? రాసి పెట్టుకోండి, తర్వాత ఆ అంకె కావాలి.

స్క్రూడ్రైవర్‌ను క్రాంక్‌కి ఆనించి సీల్‌ను పెకలించడం చాలాచోట్ల చూస్తుంటాం. ఆ ఒక్క గీతే కొత్త సీల్‌కి శాపం. దానికి బదులు ఇలా చేయండి. సన్న డ్రిల్లు బిట్టుకి గ్రీజు పూసుకుని, సీల్ లోహపు చట్రం మీద ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేయండి. చట్రం పలుచని రేకు, బిట్టు దిగగానే ఆపేయాలి, లోపలికి పోనివ్వకూడదు. గ్రీజు ఇనుప రజనును పట్టేస్తుంది, ఇంజిన్‌లోకి పడదు. ఆ రంధ్రాల్లో స్క్రూలు నాలుగు చుట్లు బిగించి, ప్లేయరుతో ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగండి. సీల్ కొంచెం కొంచెంగా కదిలి వచ్చేస్తుంది.

వచ్చిన సీల్ పెదవిని వేళ్లతో వంచి చూడండి. గాజులా గట్టిపడి ఉంటే వయసు, వేడి. ఒక పక్కే అరిగి ఉంటే గతంలో వంకరగా దిగగొట్టారు, లేదా క్రాంక్ ముందు బేరింగు అరిగి ఊగుతోంది. పెదవి వెనక స్ప్రింగు ఊడిపోయి ఉంటే బిగించినప్పుడే ఊడింది. పాత సీల్ చెప్పే ఈ కబురు కొత్త సీల్‌కి ఎంతో మేలు చేస్తుంది.

పుల్లీ మీద గాడి

ఇప్పుడు పుల్లీ చేతిలోకి తీసుకుని హబ్బు శుభ్రంగా తుడవండి. సీల్ పెదవి తిరిగేది చాలా ఇంజిన్లలో ఈ హబ్బు మీదే. పెదవి ఆనే చోట మెరిసే గీత ఒకటి ఉంటుంది. దాని మీద గోరు అడ్డంగా నడిపించండి. గోరు జారిపోతే ఇబ్బంది లేదు. సన్న ఎమరీని చుట్టూ తిప్పుతూ, అంటే పుల్లీ తిరిగే దిశలోనే, మృదువుగా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కి కాలువలవుతాయి.

గోరు గాడిలో పడి ఆగిందంటే కొత్త సీల్ ఒక్కటే సరిపోదు. దానికి మూడు దారులున్నాయి. హౌసింగ్‌లో చోటు ఉంటే, లోపల ఆయిల్ దారికి అడ్డం రాకుంటే, కొత్త సీల్‌ను పాత కొలత కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టి పెదవి గాడి తప్పేలా చూడొచ్చు. లేదా ఆ వ్యాసానికి దొరికే పలుచని స్టీలు స్లీవ్ హబ్బు మీద తొడిగించొచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ పని చేసేవాళ్లకి ఇది అలవాటైన పనే, పుల్లీ, కొత్త సీల్ రెండూ తీసుకెళ్లి చూపించండి. గాడి లోతుగా ఉంటే, పుల్లీ రబ్బరు కూడా పగిలి ఉంటే కొత్త పుల్లీ వేయడమే నయం.

కొత్త సీల్ కూర్చోబెట్టడం

హౌసింగ్ గాడిని గుడ్డతో తుడవండి, లేచిన అంచులుంటే ఎమరీతో సరిచేయండి. కొత్త సీల్ స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి చూడాలి. ఆయిల్ ఒత్తిడి స్ప్రింగుతో కలిసి పెదవిని బిగించేది అప్పుడే. స్ప్రింగు గుంటలో కొంచెం గ్రీజు కూరండి, సుత్తి దెబ్బలకి అది ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. పెదవికి శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయండి. స్ప్రింగు లేకుండా, లోపల ప్లాస్టిక్ గొట్టం తొడిగి వచ్చే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) సీల్ అయితే మాత్రం ఆయిల్ రాయొద్దు. పొడిగానే బిగించాలి, ఆ గొట్టం తొడిగేదాకా తీయకూడదు.

సీల్‌ను క్రాంక్ మీదుగా ఎక్కించాల్సి వస్తే కీ గాడి అంచుల మీద పలుచని టేపు చుట్టండి. ఆ పదును అంచు పెదవిని కోసేస్తుంది, కోసినట్టు పైకి కనబడదు కూడా. ఎక్కించాక టేపు తీసేయండి.

సీల్‌ను చేత్తో సమంగా ఆనించి, పీవీసీ పైపు ముక్క పెట్టి, చక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి. ప్రతి రెండు మూడు దెబ్బలకి ఆగి చుట్టూ నాలుగు చోట్ల లోతు చూడండి. ఒక పక్క ముందు దిగితే ఎదుటి పక్క దెబ్బ వేయండి. మీరు రాసుకున్న లోతు రాగానే ఆపేయండి. గట్టిగా దిగాలని ఇంకా కొడితే చట్రం వంగుతుంది.

తిరిగి బిగించి, చూసుకోవడం

కీని గాడిలో పెట్టి, హబ్బుకి ఆయిల్ రాసి (పీటీఎఫ్‌ఈ సీల్ అయితే పొడిగానే ఉంచి), పుల్లీని తిప్పుతూ పెదవిలోంచి మెల్లగా దూర్చండి. పుల్లీని సుత్తితో కొట్టి దించొద్దు, ఆ దెబ్బలు నేరుగా, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్టు వాషర్ల మీద పడతాయి. నట్టు బిగిస్తూ దాంతోనే లోపలికి లాక్కోండి. చివరి బిగింపు మాన్యువల్‌లో ఉన్న లెక్కకి టార్క్ పానాతోనే చేయాలి. ఈ నట్టు వదులైతే పుల్లీ ఊగి కీని, క్రాంక్ గాడిని కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు సీల్‌తో పోల్చలేనంత అవుతుంది.

కొత్త బెల్టు వేసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే సాధారణంగా 10 మిల్లీమీటర్ల దాకా కుంగేలా బిగించండి. ఫ్యాన్, కవరు, రేడియేటర్ పెట్టి, కూలెంటు పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తెరిచి ఉంచండి. ఆయిల్ మట్టం చూసి తక్కువైనంతే పోయండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 బండి అయితే బూడిద తక్కువ వదిలే గ్రేడు ఆయిల్ తప్పనిసరి. అలాంటి బండిలో పాత డీజిల్ ఇంజిన్ల ఆయిల్ పోస్తే డీపీఎఫ్ పూడుకుపోతుంది.

బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. ఆయిల్ లైటు ఆరిపోవాలి. పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, టార్చితో సీల్ కింద చూడండి. మొదట్లో మీరు రాసిన ఆయిల్, గ్రీజు కొంచెం తడిగా కనబడొచ్చు, తుడిచేయండి. రెండు మూడు రోజులు లోడు వేసి తిరిగాక మళ్లీ పౌడరు చల్లి చూడండి. పొడి పొడిగానే ఉంటే పని అయిపోయినట్టే. అప్పుడే బెల్టు బిగుతు కూడా మరోసారి చూసుకోండి, కొత్త బెల్టు మొదటి రోజుల్లో కాస్త సాగుతుంది.

ట్రేలో పడిన ఆయిల్‌ను, డీజిల్‌తో కడిగిన మడ్డిని కాలువలోనో పొలం గట్టునో పారబోయొద్దు. కేంద్రం 2016లో తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ కూడా వస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటరుకో, ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకో అప్పజెప్పండి. ఆయిల్ తాగిన వేస్టు గుడ్డలు కుప్పగా ఇంట్లో పెట్టకుండా మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి దూరంగా ఉంచండి.